వారమంతా ఫంక్షన్లే అయ్యాక, బెజవాడలో మధ్యాహ్నం భోజనం ఎక్కడ?

పెళ్లిళ్ల సీజన్‌లో బెజవాడలో ఒక వారం ఎలా గడుస్తుందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. సోమవారం ఎవరిదో గృహప్రవేశం, బుధవారం రాత్రి రిసెప్షన్, గురువారం తెల్లవారుజామున ముహూర్తం, శుక్రవారం పక్కింటివాళ్ల వ్రతం. మధ్యలో ఊరి నుంచి దిగిన చుట్టాలు, వాళ్లని దుర్గమ్మ గుడికి తీసుకెళ్లడం, మళ్లీ బస్టాండులో ఎక్కించి రావడం. అన్నీ ఇష్టపడి చేసినవే. కానీ వారం చివరికొచ్చేసరికి "ఏంటి వదినా, నీరసంగా ఉన్నావ్?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే ఓపిక కూడా ఉండదు. ఇంట్లో కూరగాయలుండవు, ఉన్నా తరగబుద్ధి కాదు. అప్పుడు ఇంట్లో వచ్చే మాట ఒకటే: "ఈ పూటకి బయట తినేద్దాం. కాకపోతే మరీ ఖర్చయ్యే చోటుకి వద్దు." పెళ్లి చదివింపులకే పర్సు ఖాళీ అయి ఉంటుంది మరి.

ఆ ఒక్క పూట కోసమే ఈ పోలిక. ఇలాంటి రోజున హోటల్‌ని రుచి, రేటు మాత్రమే చూసి ఎంచుకుంటే కుదరదని నా అభిప్రాయం. వారమంతా పదిమందికి సమాధానాలు చెప్పి వచ్చాం. కాబట్టి ముందు చూడాల్సింది వేరే: అక్కడ కూర్చున్నాక మనం ఎన్ని విషయాలు తేల్చుకోవాలి, ఎంత మాట్లాడాలి, ఎంతసేపు నిలబడాలి. ఇందులో ఒక చిత్రం ఉంది. ఈ మూడూ తక్కువగా ఉన్నచోటే బిల్లు కూడా తక్కువ వస్తుంది. రోజుకి ఒకే మెనూ అయితే వంట ఖర్చు తగ్గుతుంది, మిగిలి పారేసేది తగ్గుతుంది, టేబుళ్లు త్వరగా ఖాళీ అవుతాయి. అక్కడ రేటు తక్కువ కావడానికీ, మనకి ప్రాణం హాయిగా ఉండటానికీ కారణం ఒకటే.

మెస్ భోజనం

అందుకే నా మొదటి ఓటు మెస్‌కి. సూర్యారావుపేట ఆస్పత్రుల చుట్టుపక్కల, గవర్నర్‌పేట, గాంధీనగర్ సందుల్లో, పటమట వైపు కాలేజీలు, ఆఫీసులు ఉన్నచోట ఇవి ఎప్పుడూ ఉంటాయి. పేరున్న బోర్డు ఉండకపోవచ్చు, మెట్లెక్కి పైఅంతస్తుకి వెళ్లాల్సి రావచ్చు. పేషెంటు తాలూకు వాళ్లు, మెడికల్ రెప్‌లు, గుమాస్తాలు, రూముల్లో ఉండే కుర్రాళ్లు, ఇలా రోజూ వచ్చేవాళ్ల మీద నడుస్తాయి. రోజూ వచ్చేవాడికి రోజూ మసాలా దట్టించి పెడితే వారం తిరక్కుండా మానేస్తాడు. ఆ భయంతోనే మెస్ వంట ఇంటి వంటకి దగ్గరగా ఉంటుంది. ఫంక్షన్లలో పనీర్ కూర, వెజ్ జల్‌ఫ్రెజీ, కట్లెట్, రెండు రకాల స్వీట్లు తిని తిని విసిగిన నాలుకకి కావాల్సింది సరిగ్గా ఆ టమాటా పప్పు, ఆ దొండకాయ వేపుడే.

పద్ధతి కూడా ఎంతో తేలిక. కౌంటర్‌లో డబ్బులిచ్చి టోకెన్ తీసుకోవాలి, ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోవాలి. ఆకు వేస్తారు, నీళ్లు చిలకరించి తుడుచుకుంటాం. పచ్చడి, వేపుడు, కూర, అప్పడం ఒకరి వెనక ఒకరు వచ్చి వేసిపోతారు. తర్వాత ఒకతను బేసిన్‌తో అన్నం తెచ్చి హస్తంతో రెండు పెడతాడు, ఇంకొకతను కందిపొడి మీద ఓ చెంచాడు నెయ్యి పోస్తాడు. పప్పు, సాంబారు, రసం, పెరుగు వాటి వరుసలో అవే వస్తాయి. మీరు నోరు విప్పాల్సిన పని లేదు. వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చాలు, అతను పక్క ఆకుకి వెళ్లిపోతాడు. వారమంతా "అదేంటి, గారె వేసుకోలేదేం, ఇంకొక్కటి, నా మాట కోసం" అని పట్టుబట్టి వడ్డించిన బంధువుల తర్వాత ఈ చెయ్యి అడ్డం పెట్టే స్వేచ్ఛ ఎంత బాగుంటుందో ఒకసారి చూడండి.

ప్లేట్ మీల్సా, ఫుల్ మీల్సా అన్నది ఇక్కడ తేల్చుకోవాల్సిన ఒకే ఒక్క సంగతి. ప్లేట్ అంటే అన్నం ఇంతే అని లెక్క ఉంటుంది, ఫుల్ అంటే మారు అడగొచ్చు. రెండింటికీ తేడా మహా అయితే కొన్ని పదులు. మామూలు రోజైతే ఫుల్ తీసుకోమనే చెబుతాను. ఫంక్షన్ల వారం తర్వాత మాత్రం ప్లేట్ చాలు, కడుపు ఇంకా నిన్నటి రిసెప్షన్ దగ్గరే ఉంటుంది. ఒక ఫుల్ తీసుకుని ఇద్దరు పంచుకుందామంటే ఒప్పుకోరు, గోడ మీద రాసే ఉంటుంది.

కొత్త మెస్‌ని ఎలా నమ్మడం? చాలామంది జనాన్ని చూస్తారు. ఫర్వాలేదు, అదీ ఒక గుర్తే. నేను మాత్రం పచ్చడి చూస్తాను. ఆకులో ఆ రోజు నూరిన దోసకాయ పచ్చడో, బీరకాయ పచ్చడో పడిందంటే ఆ వంటింట్లో పొద్దున్నే ఎవరో ఒళ్లొంచి పని చేశారని అర్థం. డబ్బా ఆవకాయ ఒక్కటే వేసి ఊరుకుంటే మిగతావి కూడా అలాగే ఉంటాయి. రెండోది రసం. చారులో మిరియం, జీలకర్ర తెలుస్తుంటే మంచి చోటే. సాంబారులో నీళ్లు కలిపి రసమన్న చోటికి రెండోసారి వెళ్లక్కర్లేదు. మూడోది చేతులు కడుక్కునే చోటు. అది జిగటగా ఉంటే వంటింటి సంగతి వేరే చెప్పాలా. కౌంటర్ వెనక ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు కాగితం, 14 అంకెల నంబరుతో, తగిలించి ఉందో లేదో కూడా కన్నేయండి.

ఇక లోపాలు. రద్దీ వేళ మీరు రసం దాకా రాకముందే వెనకాల ఒకరు మీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడతారు. అలా నిలబడితే కొందరికి ముద్ద దిగదు. ఫ్యాన్ల కింద కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండలో వేడి వేడి సాంబారు అన్నం తినడమంటే చెమటలు కక్కడమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ మెట్లు కష్టం. చంటిపిల్లలున్నవాళ్లకి అక్కడ పరుగులు పెట్టే వడ్డన మధ్య కంగారు. ఇవేవీ మీకు అడ్డు కాకపోతే పైకి ఎక్కండి, ఇంక ఈ వ్యాసం చదవక్కర్లేదు.

ఏసీ హోటల్ మీల్స్

ఇంట్లో అత్తగారో, నాన్నగారో కూడా వస్తామంటే లెక్క మారుతుంది. బందరు రోడ్డు మీదో, బెంజ్ సర్కిల్ వైపో, లబ్బీపేటలోనో కారు ఆపుకునే జాగా, చల్లగా కూర్చునే హాలు, శుభ్రమైన బాత్రూమ్ ఉన్న హోటలే మంచిది. రేటు మెస్‌కి రెట్టింపో, ఇంకొంచెం పైనో ఉంటుంది. ఆ తేడా ఏసీకి, కూర్చునే టైముకి. మీరు తినేసి ఇంకో పావుగంట కూర్చున్నా ఎవరూ కుర్చీ పట్టుకోరు. పెద్దవాళ్లకి అది డబ్బు పెట్టి కొనదగ్గ సౌకర్యమే.

కానీ ఖర్చు తప్పుదారి పట్టేది కూడా ఇక్కడే. మీల్స్ రేటు వల్ల కాదు, మెనూ కార్డు వల్ల. ఉదాహరణకి మీల్స్ 250 అనుకోండి. నలుగురికి 1,000. 5 శాతం జీఎస్టీ కలిపితే 1,050. అంతటితో లేస్తే మనిషికి 260 చిల్లర. కానీ కూర్చోగానే వెయిటర్ కార్డు చేతికిస్తాడు. "ఖాళీగా కూర్చున్నాం కదా, ఏదైనా స్టార్టర్?" అంటాడు పిల్లాడు. గోబీ మంచూరియా 280. టేబుల్ మీద పెట్టిన వాటర్ బాటిళ్లు రెండు, 80. ఫ్రెష్ లైమ్ సోడాలు రెండు, 160. మొత్తం 1,520, పన్నుతో 1,596. మీల్స్ ఏమో సగమే తిన్నారు, ఎందుకంటే గోబీతో కడుపు నిండింది. 546 రూపాయలు పెట్టి ఆకలి చంపుకున్నట్టు.

కాబట్టి కూర్చుంటూనే, కార్డు తెరవకముందే చెప్పెయ్యండి: "నాలుగు మీల్స్ అండి, మామూలు నీళ్లు పెట్టండి." ఈ ఒక్క వాక్యంతో మూడో వంతు ఖర్చు, సగం చర్చ మిగులుతాయి. బాటిల్ మీద ఉన్న ఎంఆర్‌పీకన్నా హోటల్లో ఎక్కువ తీసుకుంటున్నారేంటని వాదనకి దిగకండి. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు అలా తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పేసింది. వద్దనడమే మార్గం.

బిల్లు విషయంలో ఇంకో రెండు సంగతులు తెలిసి ఉంటే మంచిది. మామూలు రెస్టారెంట్లలో పన్ను 5 శాతం, ఏసీ ఉన్నా లేకపోయినా అంతే. రోజుకి 7,500 రూపాయలు దాటిన గదులుండే పెద్ద హోటళ్ల రెస్టారెంట్లలో 18 శాతం. మన బడ్జెట్‌కి ఆ వైపు వెళ్లం కాబట్టి 18 కనబడితే అడగాలి. చిన్న హోటళ్లు కొన్ని కాంపోజిషన్ స్కీములో, అంటే అమ్మకాల మీద పన్ను తామే కట్టుకునే పద్ధతిలో ఉంటాయి, వాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా తీసుకోకూడదు. ఆ సంగతి బిల్లు మీద రాసి ఉంటుంది.

రెండోది సర్వీస్ ఛార్జి. పోయిన సీజన్‌లో ఓ చోట మా బిల్లులో అది ముందే కలిపేసి ఉంది. అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "అందరూ ఇస్తారండి" అన్నాడు. ఇవ్వక్కర్లేదు. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మేము మర్యాదగా చెప్పాం, తీసేశారు. ఆ డబ్బులో కొంత వడ్డించినాయన చేతికే ఇచ్చాం, అది వేరే సంగతి. మెస్‌లోనూ అంతే, బిల్లులో లేని ఓ ఇరవై రూపాయలు వడ్డించినవాళ్లకిస్తే వాళ్ల మొహం వేరేగా ఉంటుంది.

ఏసీ హోటళ్లలోనే ఇంకో రకం ఉంది, ఐటెమ్స్ మీద నడిచేది. కాకినాడలో పుట్టిన సుబ్బయ్య గారి హోటల్ దానికి పెట్టింది పేరు, ఇప్పుడు బెజవాడలోనూ ఉంది. ఆకు నిండా పొడులు, పచ్చళ్లు, పులిహోర, స్వీట్లు, వేపుళ్లు పెట్టి, కొసరి కొసరి వడ్డిస్తారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి చూపించాలంటే ఇంతకన్నా మంచి భోజనం లేదు. కానీ పెళ్లి భోజనం నుంచి పారిపోయి వచ్చి మళ్లీ పెళ్లి భోజనమే చేయడం నాకైతే అర్థం కాదు. ఆ కొసరి వడ్డించే అలవాటు మీకు ఈ వారం కాస్త బరువనిపించొచ్చు. వాళ్ల బుట్ట భోజనం మాత్రం గుర్తుపెట్టుకోండి: అన్నం నుంచి పెరుగు దాకా బుట్టలో సర్ది ఇస్తారు, ఇంటికి తెచ్చుకుని లుంగీ కట్టుకుని తినొచ్చు.

బఫేల గురించి ఎక్కువ చెప్పను. ప్లేటు పట్టుకుని నిలబడి, నాలుగు కౌంటర్లు తిరిగి, కట్టిన డబ్బుకి న్యాయం చేయాలని తినడం వారమంతా చేసిందే.

బిర్యానీ సంగతి

"ఆదివారం పూట పప్పన్నమా?" అనే వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ల వాదనలో న్యాయముంది. బిర్యానీ కూడా నిర్ణయాలు లేని భోజనమే. దమ్మా, ఫ్రై పీసా అన్నది తేలితే చాలు, మన వైపు ఫ్రై పీస్‌కే ఓట్లెక్కువ కాబట్టి అదీ తేలిపోయినట్టే. నలుగురికి ఫ్యామిలీ ప్యాక్ తీసుకుంటే విడివిడిగా సింగిల్స్ తీసుకున్నదానికన్నా సాధారణంగా కలిసొస్తుంది. లేదా పెద్దవాళ్లిద్దరికి ఒక ఫుల్ సరిపోతుంది, చాలాచోట్ల ఆ పరిమాణం అలాగే ఉంటుంది.

నా అభ్యంతరం రేటు మీద కాదు. బిర్యానీ తిన్నాక మధ్యాహ్నం పోతుంది. దాహం, మగత, సాయంత్రం ఆరింటికి తల బరువుగా లేవడం. మొన్న రాత్రి రిసెప్షన్‌లో కూడా అదే తిన్నవాళ్లకి మరీను. వారమంతా వెజ్ ఫంక్షన్లే పడి నాన్‌వెజ్ ముఖం చూడనివాళ్లయితే మాత్రం నిస్సంకోచంగా బిర్యానీకే వెళ్లండి, పప్పు మిమ్మల్ని తృప్తి పరచదు. ఒక్క జాగ్రత్త: పక్కన వేసే షేర్వా, రైతా రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్క అడిగి వేయించుకోండి. విడిగా తందూరీ, కూర జోడించారంటే పైన చెప్పిన గోబీ కథే మళ్లీ.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. కార్తీక మాసంలో నాన్‌వెజ్ మానేసే ఇళ్లు ఇక్కడ చాలా ఎక్కువ. ఆ నెలలో వెజ్ హోటళ్ల ముందు జనం, బిర్యానీ హోటళ్లలో ఖాళీ కుర్చీలు. నియమం లేనివాళ్లకి అది ప్రశాంతంగా బిర్యానీ తినడానికి ఏడాదిలో మంచి కాలం.

కర్రీ పాయింట్ అనే మధ్యేమార్గం

అసలు చెప్పులేసుకుని బయటికెళ్లే ఓపికే లేదంటే, హోటల్ కన్నా కర్రీ పాయింటే దిక్కు. ప్రతి కాలనీ మలుపులోనూ ఒకటుంటుంది. స్టీలు టబ్బుల్లో వేపుళ్లు, ఇగుర్లు, పప్పు, సాంబారు, రసం. ఇంట్లో కుక్కర్ పెట్టి, ఒకరు వెళ్లి పప్పు, ఒక వేపుడు, ఒక కూర, సాంబారు తెస్తే నలుగురు తినేస్తారు. ఈ పోలికలో మనిషికి పడే ఖర్చులో ఇదే బాగా తక్కువ, మెస్ కన్నా తక్కువ.

దీనికి కిటుకు టైము. పన్నెండున్నరకి వెళ్తే అన్నీ ఉంటాయి. ఒంటిగంటన్నర దాటాక వెళ్తే బెండకాయ వేపుడు అడుగున నాలుగు ముక్కలు, గుత్తి వంకాయ ఉండదు, "సాంబారు ఉందండి, కట్టమంటారా?" అంటుంది అక్కడావిడ. ఇంటి నుంచి స్టీలు కేరియర్ తీసుకెళ్లండి. కాలిపోతున్న సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండ్ వేసి ఇవ్వడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గిన్నె చాపితే అందులోనే పోస్తారు, తరచూ ఓ గరిటె ఎక్కువే పడుతుంది.

మరి దీన్ని మొదటి స్థానంలో ఎందుకు పెట్టలేదంటారా? కుక్కర్ ఎవరు పెడతారు, తిన్నాక ఆ గిన్నెలు ఎవరు కడుగుతారు అన్న ప్రశ్నకి ప్రతి ఇంట్లో జవాబు ఒక్కరే. వారమంతా ఎక్కువ అలసిపోయింది కూడా ఆవిడే. ఆ పని ఇంట్లో ఇంకెవరైనా చేస్తామంటేనే కర్రీ పాయింట్. లేదంటే ఎవరూ గిన్నె ముట్టుకోని చోటికి అందరూ నడవండి.

యాప్‌లో తెప్పించుకోవడం సుఖమే, కానీ పొదుపు కాదు. చాలాచోట్ల యాప్‌లో రేటు కౌంటర్ రేటు కన్నా ఎక్కువ. దాని పైన ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజులు. మీల్స్ లాంటి చౌక భోజనానికి ఆ పై ఖర్చులే భోజనం రేటుకి దగ్గరగా వచ్చేస్తాయి. పైగా చేతిలో ఫోన్ పెట్టుకుని ఏ హోటల్, ఏ కూర, ఏ కూపన్ అని అరగంట వెతకడంలో ఉన్న కాస్త ఓపికా పోతుంది. వర్షం పడుతుంటే తప్ప నేను దీని జోలికి వెళ్లను.

అయిదు రూపాయల భోజనం

చౌక గురించి మాట్లాడుతూ అన్న క్యాంటీన్‌ని వదిలేస్తే పోలిక పూర్తి కాదు. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. పూటకి 5 రూపాయలు. అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు ఉంటాయి, శుభ్రంగానే ఉంటుంది. ఒంటరిగా ఉన్నరోజు, నెలాఖరున, మొహమాటం లేకుండా తినొచ్చు. కానీ వంద రూపాయలు పెట్టగలిగిన కుటుంబం ఆదా పేరుతో నలుగురూ వెళ్లి ఆ వరసలో నిలబడటం నాకు నచ్చదు. ఆటో నడిపేవాళ్లు, అడ్డా కూలీలు, ఆస్పత్రి బయట పేషెంటు కోసం పడిగాపులు కాసేవాళ్లు ఆ టోకెన్ మీద ఆధారపడి ఉంటారు. ఇది నా మాట మాత్రమే, అక్కడ ఎవర్నీ వెళ్లగొట్టరు.

ఎప్పుడు వెళ్లాలి

హోటల్ ఎంపిక కన్నా టైము ఎంపికే ముఖ్యమని కొన్నిసార్లు అనిపిస్తుంది. ఆదివారం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఊరంతా ఒకే ఆలోచనతో బయటపడుతుంది. పేరున్న హోటళ్ల ముందు పేరు రాయించుకుని, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, "ఎంతసేపండి?" అని నాలుగుసార్లు అడగాలి. ఆ వెయిటింగ్‌లోనే తెలిసినవాళ్లు ఎదురవుతారు, మళ్లీ పలకరింపులు మొదలు. రెండున్నర దాటాక వెళ్తే కుర్చీలు ఖాళీయే, కానీ వేపుడు అయిపోయి ఉంటుంది, అన్నం గట్టిపడి ఉంటుంది, వడ్డించేవాళ్లు కూడా అలసిపోయి ఉంటారు.

పన్నెండుంపావుకి వెళ్లండి. మొదటి వాయి అన్నం పొగలు కక్కుతుంటుంది, అప్పడాలు కరకరలాడుతుంటాయి, ఎవరూ వెనక నిలబడరు. దీనికోసం పొద్దున టిఫిన్ కాస్త తొందరగా, తేలిగ్గా ముగించాలి. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్లి వెన్న, పొడి వేసిన ఇడ్లీ పదిన్నరకి తిని, మళ్లీ పన్నెండుంపావుకి మీల్స్ అంటే రెంటికీ అన్యాయం చేసినట్టే. ఏదో ఒకటి ఎంచుకోండి.

సెలవు పెట్టుకోగలిగితే ఆదివారం మానేసి సోమవారం వెళ్లడం ఇంకా నయం. చాలా మెస్‌లకి ఆదివారం సెలవు, లేదంటే ఆ రోజు చికెన్ స్పెషల్ పేరుతో వేరే మెనూ, వేరే రేటు. మామూలు పప్పు, చారు దొరికేది మిగతా రోజుల్లోనే. దసరా నవరాత్రుల్లో మాత్రం వన్‌టౌన్, బస్టాండు వైపు భోజనం ఆలోచనే పెట్టుకోవద్దు. మూలా నక్షత్రం నాడైతే ఇంద్రకీలాద్రి కింద నడవడానికే దారుండదు. ఆ రోజుల్లో పటమట, మొగల్రాజపురం వైపు తినేసి ఇంటికి చేరడం క్షేమం.

గుంటూరు వాళ్లకి

30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నవాళ్లకి ఇదంతా దాదాపు ఇలాగే వర్తిస్తుంది. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో మెస్‌లకి కొదవలేదు. ట్యూషన్లు, హాస్టళ్లు, ఆఫీసులు, ఆస్పత్రులు ఆ చుట్టుపక్కలే కాబట్టి పోటీ ఎక్కువ, అందువల్ల రేట్లు అదుపులో ఉంటాయి. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర మధ్యాహ్నం బండి పెట్టే చోటు దొరకడం కష్టం, నడిచో ఆటోలోనో వెళ్లడం మేలు.

తేడా ఒక్కటే, కారం. మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి కూరలో, పచ్చడిలో అది ఒక పాలు ఎక్కువే. మెస్‌లో "కారం తక్కువ వేయండి" అని అడిగి లాభం లేదు, వంట పొద్దున్నే అయిపోయింది. ఫంక్షన్ భోజనాలతో ఇప్పటికే కడుపు మండుతున్నవాళ్లు గోంగూర పచ్చడి ఉసిరికాయంత కలుపుకుని ఆపేయండి, ఉల్లిపాయ నంజుకుని ఎంత తినాలనిపించినా. మజ్జిగ పులుసు ఉన్న రోజైతే అదృష్టం, సాంబారు వద్దని అదే రెండుసార్లు పోయించుకోండి. పెరుగన్నంలో ఊరమిరపకాయ ఇస్తారు, అది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఎక్కడ తిన్నా, లేచి వచ్చేటప్పుడు కౌంటర్‌లో పెరుగో, ఒక వేపుడో పార్సిల్ కట్టించుకోండి. మధ్యాహ్నం వండిన అన్నం ఇంట్లో ఉండదు గానీ రాత్రికి ఒక గ్లాసు బియ్యం పడేయడం పెద్ద పనేం కాదు, కూర ఏం చేయాలన్న చర్చ మాత్రం తప్పుతుంది. ఈలోగా ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఓ రెండు గంటలు పడుకోండి, వచ్చే బుధవారం ఇంకో రిసెప్షన్ ఉందని ఎవరో కార్డు ఇచ్చే వెళ్లి ఉంటారు.